బీపీ జన్యువులు వెతికే లెక్కల్లో దేన్ని నమ్మాలి: హైదరాబాద్ నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

తార్నాక, హబ్సిగూడ వైపు ల్యాబుల్లో పనిచేసే పీహెచ్‌డీ పిల్లలు ఎప్పుడు కలిసినా అడిగేది ఒకటే. "సార్, బీపీకి లీనియర్ రిగ్రెషన్ వాడాలా, మిక్స్‌డ్ మోడల్ వాడాలా? దేనికి ఎక్కువ హిట్లు వస్తాయి?" హిట్ అంటే బీపీతో సంబంధం ఉందని లెక్క చూపించే జన్యు స్థానం. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: జన్యు సంబంధం ఏమీ లేదని ముందే తెలిసిన చోట మీ పద్ధతి ఎన్ని హిట్లు చూపిస్తోంది? ఇప్పటిదాకా ఆ ప్రశ్నకు జవాబు చేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళు తక్కువ. ఈ మార్గదర్శి అంతా ఆ జవాబు ఎలా తెచ్చుకోవాలన్నదే.

చేతిలో సొంత డేటా లేకపోయినా ఫర్వాలేదు. 2015లో పూర్తయిన వెయ్యి జీనోముల ప్రాజెక్టు మూడో దశలో 26 జనసమూహాల నుంచి 2,504 మంది జన్యుక్రమాలున్నాయి. వాళ్ళలో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్ళు 102 మంది. శ్రీలంక తమిళులు, గుజరాతీలు, లాహోర్ పంజాబీలు, బంగ్లాదేశ్ బెంగాలీలను కలిపితే దక్షిణాసియా వాళ్ళు మొత్తం 489 మంది. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. వాళ్ళ బీపీ కొలతలు అందులో ఉండవు. మనకు అవసరం లేదు కూడా, బీపీని మనమే తయారు చేస్తాం.

మొదటి అడుగు: బీపీ అంటే ఏ సంఖ్య?

పద్ధతుల మీద గొడవపడేవాళ్ళు ఇక్కడ ఐదు నిమిషాలు కూడా ఆగరు. నా లెక్కలో సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది.

2007లో బ్రిటన్‌లో వెల్‌కమ్ ట్రస్ట్ కేస్ కంట్రోల్ కన్సార్షియం ఏడు జబ్బుల మీద పెద్ద అధ్యయనం చేసింది. ఒక్కో జబ్బుకు సుమారు 2,000 మంది రోగులు, అన్నిటికీ కలిపి 3,000 మంది ఉమ్మడి కంట్రోళ్ళు, అంటే రోగులతో పోల్చడానికి తీసుకున్న మామూలు జనం. టైప్ 1 మధుమేహానికి, క్రోన్స్ జబ్బుకు గట్టి సిగ్నల్స్ దొరికాయి. బీపీకి మాత్రం వాళ్ళు పెట్టుకున్న గట్టి గీత, అంటే ఫలితం కాకతాళీయం కాదనడానికి పెట్టుకున్న పీ-విలువ హద్దు, దాటినది ఒక్కటీ లేదు. కారణాల్లో ఒకటి ఆ కంట్రోళ్ళే. వాళ్ళకు బీపీ ఉందో లేదో ఎవరూ చూడలేదు. టైప్ 1 మధుమేహం లాంటి అరుదైన జబ్బుకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. నలుగురిలో ఒకరికి ఉండే బీపీకి అలా కాదు, కంట్రోళ్ళలోనే కేసులు కలిసిపోతాయి.

అందుకే నా సలహా: "బీపీ ఉంది, లేదు" అని రెండు ముక్కలు చేయకండి. 139ని ఆరోగ్యం, 141ని జబ్బు అంటే మధ్యలో ఉన్న సమాచారమంతా పారబోసినట్టే. పై సంఖ్య, కింది సంఖ్య, రెండింటి తేడా (పల్స్ ప్రెషర్) మూడింటినీ అంకెలుగానే ఉంచండి.

ఇక గోలీల సంగతి. బీపీ గోలీ వేసుకునే మనిషికి ఈ రోజు 132 వచ్చింది. గోలీ లేకపోతే ఎంత ఉండేదో మనకు తెలియదు. చాలామంది "మందు వాడుతున్నారా" అన్న కాలమ్‌ను మోడల్‌లో కోవేరియేట్‌గా, అంటే ప్రభావాన్ని సరిచేయాల్సిన అంశంగా, పెట్టేస్తారు. మొదట్లో నేనూ అదే చేశాను. ఫలితంలో మందుకు ప్లస్ గుర్తు వచ్చింది, అంటే గోలీ వేసుకుంటే బీపీ పెరుగుతుందని నా మోడల్ చెబుతోంది! అసలు సంగతి వేరు. గోలీ వేసుకునేవాళ్ళు మొదటి నుంచీ ఎక్కువ బీపీ ఉన్నవాళ్ళు, గోలీ తర్వాత కూడా ఎక్కువమంది మామూలు వాళ్ళ స్థాయికి దిగరు. ఆ కాలమ్ పెడితే మనం వెతుకుతున్న జన్యు తేడానే తుడిచేసుకుంటాం. వాళ్ళను మొత్తంగా తీసేస్తే అసలు కేసులే పోతాయి. 2005లో టోబిన్, ఆయన సహచరులు ఈ పద్ధతులన్నిటినీ సిమ్యులేషన్లతో పోల్చి చూపించాక ఒక సులువైన ఆచారం స్థిరపడింది: మందు వాడేవాళ్ళ పై సంఖ్యకు 15, కింది సంఖ్యకు 10 కలపాలి. మొరటుగా కనిపిస్తుంది కానీ బాగా పనిచేస్తుంది.

కొలిచే పద్ధతి గురించి ఒక్క మాట. ఓపీ బయట ఇరానీ చాయ్ తాగి, మెట్లెక్కి వచ్చి, కూర్చోగానే కొలిపించుకున్న అంకె జన్యువుల గురించి పెద్దగా ఏమీ చెప్పదు. అరగంట ముందు నుంచి చాయ్, సిగరెట్ మానాలి. ఐదు నిమిషాలు కూర్చున్నాక రెండు మూడు సార్లు కొలిచి సగటు తీసుకోవాలి. ఏళ్ళ తరబడి కొలతలుంటే ఇంకా మంచిది. 1987–90 నాటి హైదరాబాద్ పోషకాహార అధ్యయనం నుంచి పుట్టిన ఏపీక్యాప్స్ బృందం నగరం చుట్టుపక్కల 29 ఊళ్ళలో అవే కుటుంబాలను ఏళ్ళుగా కలుస్తోంది. అలాంటి డేటా దొరికితే ఒక్క రోజు అంకెను ఎంచుకోకండి. అన్ని కొలతల సగటుతో ఒకసారి, మనిషికి ఒక రాండమ్ ఎఫెక్ట్ (ఆ మనిషికే చెందిన తేడా) పెట్టి ఒకసారి చేసి పోల్చండి.

వయసు, వయసు స్క్వేర్ (వయసు × వయసు), స్త్రీ పురుష భేదం మోడల్‌లో తప్పనిసరి. బరువు సూచిక (బీఎంఐ) దగ్గర జాగ్రత్త. పెద్ద అధ్యయనాలు దాన్ని కలుపుతాయి. కానీ ఒక జన్యు మార్పు బరువునే పెంచుతుంటే, బరువును సరిచేశాక బీపీ మీద దానికి ఉల్టా ప్రభావం ఉన్నట్టు కనిపించవచ్చు. కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి నడపండి.

రెండో అడుగు: మన దగ్గర దొరికేంత పెద్దదా ఈ ప్రభావం?

ఇది చిన్న లెక్కే, కానీ గుండె జారే లెక్క. 2018లో పది లక్షల మందికి పైగా డేటాతో వచ్చిన విశ్లేషణ బీపీకి సంబంధించిన జన్యు స్థానాలను 901కి చేర్చింది. వాటిలో ఎక్కువ భాగం ఒక్కో అల్లీల్‌కు (ఆ స్థానంలో ఉండగల జన్యు రూపాల్లో ఒకదానికి) బీపీని ఒక మిల్లీమీటర్ కూడా కదిలించవు.

ఉదాహరణకు జనంలో 30 శాతం కనిపించే అల్లీల్ ఉన్న స్నిప్ (డీఎన్ఏలో ఒక్క అక్షరం మనిషికీ మనిషికీ మారే చోటు) ఒకటి, ఒక్కో అల్లీల్‌కు అర మిల్లీమీటర్ ప్రభావం, జనంలో పై సంఖ్య ప్రామాణిక విచలనం 18 అనుకుందాం. స్నిప్ వివరించే వాటా ఇలా వస్తుంది: 2 × 0.3 × 0.7 × 0.25 ÷ 324, అంటే 0.000324. జీనోమ్ మొత్తానికి వాడే గీత 5 × 10⁻⁸. పది లక్షల స్వతంత్ర పరీక్షలకు 0.05ను పంచితే వచ్చేది అదే, రెండు కోట్లలో ఒక వంతు. ఆ గీతను 80 శాతం సార్లు దాటాలంటే శాంపిల్ సంఖ్యను ఆ వాటాతో గుణిస్తే దాదాపు 39.6 రావాలి. అంటే 1,22,000 మంది కావాలి. ప్రభావం ఒక మిల్లీమీటర్ అయితే 30,500 మంది చాలు. మీ దగ్గర ఉన్నది 2,000 మందే అయితే కనిపించేది అల్లీల్‌కు 3.9 మిల్లీమీటర్ల ప్రభావం ఉన్న స్నిప్ మాత్రమే. సాధారణ స్నిప్‌లలో అలాంటిది ఉండదనే అనుకోండి.

కాబట్టి 2,000 మందితో గీత దాటిన హిట్ వస్తే మొదట సంతోషించకండి, అనుమానించండి. ఎక్కడ లెక్క తప్పిందో వెతకండి.

మూడో అడుగు: మేనరికం, కులం, ఊరు

అమెరికా, యూరప్ డేటా మీద రాసిన పాఠాలు మన శాంపిల్‌కు అతకక విడిపోయేది ఇక్కడే.

హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములైన 2009 నాటి అధ్యయనం ఒక విషయం స్పష్టంగా చూపింది: మన జనాభాలో ఎక్కువ సమూహాలు రెండు ప్రాచీన వంశధారల మిశ్రమాలే, ఆ మిశ్రమం పాళ్ళు సమూహాన్ని బట్టి మారతాయి. 2017లో అదే వరసలో వచ్చిన పని 263 దక్షిణాసియా సమూహాలను చూసి, 81 సమూహాల మూలపురుషుల సంఖ్య అష్కెనాజీ యూదులు, ఫిన్లాండ్ వాళ్ళకంటే కూడా ఇరుకుగా ఉందని తేల్చింది. శతాబ్దాలుగా లోపల లోపలే పెళ్ళిళ్ళు. దాని మీద మన మేనరికాలు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్ళి జరిగితే పుట్టే బిడ్డ అంతఃప్రజనన గుణకం (ఒక చోట ఉన్న రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం) 1/16. మేనమామే మేనకోడలిని చేసుకుంటే 1/8.

దీనివల్ల మూడు పనులు మారతాయి.

హార్డీ–వైన్‌బర్గ్ పరీక్షలో (అల్లీల్ జంటలు ఉండాల్సిన పాళ్ళలో ఉన్నాయా అని చూసేది) తప్పిన స్నిప్‌లను తీసేయమని ప్రతి ట్యుటోరియల్ చెబుతుంది. అసలు ఉద్దేశం ల్యాబ్ తప్పుల్ని పట్టుకోవడం. మన శాంపిల్‌లో మేనరికాల వల్లా, వేర్వేరు సమూహాలను ఒకే గంపలో వేయడం వల్లా హోమోజైగోట్లు (రెండు ప్రతులూ ఒకటే అయినవాళ్ళు) సహజంగానే ఎక్కువగా ఉంటాయి. కఠినమైన గీత పెడితే మంచి స్నిప్‌లు కూడా కొట్టుకుపోతాయి. సమూహం లోపల విడిగా, బంధుత్వం లేని వాళ్ళలో మాత్రమే పరీక్షించండి. గీతను బాగా సడలించండి.

బంధుత్వాన్ని ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగి రాసుకున్న వంశవృక్షం నుంచి తీసుకోకండి. నాలుగు తరాల మేనరికం ఉన్న ఇంట్లో కాగితం మీద "దూరపు చుట్టం" అన్నవాడు డీఎన్ఏలో దగ్గరివాడు కావచ్చు. అసలు ఒక మనిషి ఒకే ఇంట్లో ఒకరికి మేనమామా మరొకరికి మామా కూడా అయ్యే చోట కాగితం ఎంత చెప్పగలదు? జీసీటీఏ, కింగ్, ప్లింక్ వంటి సాధనాలతో బంధుత్వ మాత్రికను జన్యువుల నుంచే లెక్కించండి. ఆ మాత్రికకు వాడే స్నిప్‌లను ముందుగా పలచబరచండి, కలిసి కదిలే పక్కపక్క స్నిప్‌లలో కొన్నిటినే ఉంచండి.

మూడోది, అన్నిటికంటే ప్రమాదకరమైనది: కేసులు నగరంలోని ఆసుపత్రి నుంచి, కంట్రోళ్ళు పల్లెల నుంచి వస్తే ఊరు, కులం, తిండి, బీపీ అన్నీ ఒకదానికొకటి ముడిపడిపోతాయి. అప్పుడు బీపీతో సంబంధం ఉన్నట్టు కనిపించే స్నిప్ నిజానికి "ఈ మనిషి ఏ గేటు గుండా లోపలికి వచ్చాడు" అన్నది మాత్రమే చెబుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని పూర్తిగా కడగలేదు. సేకరణ మొదలుకాక ముందే ఆలోచించాలి.

నాలుగో అడుగు: పోటీలో ఎవరెవరు?

*సాదా లీనియర్ రిగ్రెషన్.* ప్రతి స్నిప్‌కూ 0, 1, 2 అని అల్లీల్ లెక్క, దాని మీద బీపీ. వేగం ఎక్కువ, బంధుత్వం చూడదు. మన శాంపిల్‌లో ఇది గెలవడానికి కాదు, పోల్చుకోవడానికి.

*రిగ్రెషన్‌తో పాటు ప్రిన్సిపల్ కాంపొనెంట్లు.* జన్యు డేటా అంతటినీ కుదించి తీసిన ఇలాంటి సారాంశ అంకెలు పది పెడితే వంశధారల పెద్ద తేడాలు సర్దుకుంటాయి. అన్నదమ్ముల, మేనబావల స్థాయి దగ్గరితనాన్ని అవి పట్టుకోలేవు.

*మిక్స్‌డ్ మోడల్.* బంధుత్వ మాత్రికను రాండమ్ ఎఫెక్ట్‌గా తీసుకుంటుంది. మన దగ్గర మొదటి ఎంపిక ఇదే. జెమ్మా చిన్న శాంపిళ్ళకు సరిపోతుంది. బోల్ట్, రెజీనీ లక్షల మందికి. కేస్–కంట్రోల్ నిష్పత్తి బాగా వంకరగా ఉంటే సేజ్. ఒక ఉచ్చు ఉంది: పరీక్షిస్తున్న స్నిప్ బంధుత్వ మాత్రికలో కూడా ఉంటే, తన సిగ్నల్‌ను తానే తినేస్తుంది. అందుకే ఒక క్రోమోజోమ్‌ను పరీక్షించేటప్పుడు ఆ క్రోమోజోమ్‌ను వదిలేసి మాత్రిక కట్టే ఎంపికను వాడండి.

*కుటుంబ ఆధారిత పరీక్షలు.* 1993లో స్పీల్‌మన్ బృందం ప్రతిపాదించిన టీడీటీ (ట్రాన్స్‌మిషన్ డిసీక్విలిబ్రియమ్ టెస్ట్) కోవకు చెందినవి. తల్లిదండ్రులు బిడ్డకు ఇచ్చిన అల్లీల్‌ను, ఇవ్వని దానితో పోలుస్తుంది కాబట్టి జనాభా తేడాలు దీన్ని మోసం చేయలేవు. పవర్, అంటే ఉన్న ప్రభావాన్ని పట్టుకునే శక్తి, తక్కువ. పైగా బీపీ బయటపడేది యాభై ఏళ్ళప్పుడు, అప్పటికి ఆ మనిషి తల్లిదండ్రుల రక్తం ఎక్కడి నుంచి తెస్తాం? మిక్స్‌డ్ మోడల్ తెచ్చిన హిట్ నిజమేనా అని సాక్ష్యం అడగడానికి మాత్రం బాగుంటుంది.

*అరుదైన మార్పులకు జన్యువు మొత్తాన్ని కలిపే పరీక్షలు.* వీటి దగ్గర కాస్త ఆగాలి. బర్డెన్ పరీక్ష ఒక జన్యువులోని అరుదైన మార్పులన్నిటినీ ఒక సంఖ్యగా కూడుతుంది. అన్నీ ఒకే దిక్కుకు లాగితే ఇదే బలమైనది. 2008లో ఫ్రేమింగ్‌హామ్ అనే అమెరికా గుండె జబ్బుల అధ్యయన బృందంలో ఎస్ఎల్‌సీ12ఏ3, ఎస్ఎల్‌సీ12ఏ1, కేసీఎన్‌జే1 అనే మూడు జన్యువుల్లో అరుదైన మార్పులున్న వాళ్ళకు బీపీ తక్కువగా ఉందని చూపించారు. మూడూ కిడ్నీలో ఉప్పును వెనక్కి లాక్కునే దారికి చెందినవే. చెడిపోతే ఉప్పు జారిపోతుంది, బీపీ దిగుతుంది. అన్నీ ఒకే దిక్కు, బర్డెన్‌కు అనుకూలం. ఇప్పుడు ఎస్‌సీఎన్‌ఎన్1బీ తీసుకోండి. దాని తోక భాగం తెగిపోయే మార్పులు కిడ్నీ కణాల మీద సోడియం ద్వారాలు తొలగిపోకుండా అడ్డుకుని లిడిల్ సిండ్రోమ్ తెస్తాయి, చిన్న వయసులోనే బీపీ ఎక్కుతుంది. అదే జన్యువు పనిచేయకుండా పోతే ఉల్టాగా ఉప్పు కారిపోతుంది. ఇక్కడ బర్డెన్‌లో ప్లస్సులు మైనస్సులు కొట్టుకుపోతాయి. 2011లో వచ్చిన స్కాట్ పరీక్ష దిక్కు చూడదు, చెదురును చూస్తుంది. ముందుగా ఏదీ తెలియకపోతే రెండింటినీ కలిపే స్కాట్-ఓ. ఏ మార్పులను లెక్కలోకి తీసుకోవాలో ఫలితం చూడక ముందే రాసి పెట్టుకోండి. చూశాక మార్చితే అది పరీక్ష కాదు, బేరం.

మన దగ్గర "అరుదు" అన్న మాట కూడా అనుమానమే. ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాల లోపం ఒకటి దక్షిణాసియాలో సుమారు 4 శాతం మందిలో ఉంది, గుండె కండరం జబ్బు ముప్పుతో దానికి సంబంధం ఉంది. మిగతా ప్రపంచంలో అది దాదాపు కనపడదు. యూరప్ కోసం చేసిన చిప్‌లు ఇలాంటివి చూడవు.

ఐదో అడుగు: దొంగ సిగ్నళ్ళ పరీక్ష

అసలు పోలిక ఇది. జన్యువులు మీ నిజమైన శాంపిల్‌వే ఉంచండి, ఎందుకంటే మేనరికం, కులం అన్నీ వాటిలో ఉన్నట్టే ఉండాలి. బీపీని మాత్రం మీరే తయారు చేయండి.

బేసి సంఖ్య క్రోమోజోముల మీద చెదురుగా వెయ్యి స్నిప్‌లు ఎంచుకుని ఒక్కోదానికి చిన్న ప్రభావం ఇవ్వండి. వాటి మొత్తం బీపీ తేడాల్లో 30–50 శాతం వివరించేలా సర్దండి, బీపీకి కుటుంబ అధ్యయనాలు చెప్పే వారసత్వ వాటా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మిగిలినది యాదృచ్ఛికం. దాని మీద ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళకు 5 మిల్లీమీటర్లు అదనంగా కలపండి, అదే మన సేకరణ లోపానికి నకలు. ఇప్పుడు అన్ని పద్ధతులనూ సరి సంఖ్య క్రోమోజోముల మీద నడపండి. అక్కడ మీరు ఏమీ నాటలేదు. అక్కడ మొలిచిందల్లా కలుపే.

సరి క్రోమోజోముల్లో 3,00,000 స్నిప్‌లున్నాయనుకుంటే 0.001 గీత దగ్గర 300 రావాలి. ఒక పద్ధతి 500 చూపిస్తే అది మోసపోతోంది. 150 చూపిస్తే మరీ భయపడుతోంది. ఒక్కసారి నడిపి తీర్పు చెప్పకండి, పక్కపక్క స్నిప్‌లు కలిసి కదులుతాయి కాబట్టి ఒక పరుగులో అంకె బాగా ఊగుతుంది. కొత్త బీపీతో 200 సార్లు చేయండి. అప్పుడు ఆరు కోట్ల పరీక్షలవుతాయి. 10⁻⁵ గీత దగ్గర 600 రావాలి, నమ్మదగిన లెక్క. 5 × 10⁻⁸ దగ్గర మాత్రం మూడే వస్తాయి, దాని మీద ఏమీ తేల్చలేం. అందుకే పోలికను 10⁻⁵ దగ్గర చేయండి.

"బీపీ కాలమ్‌ను కలగాపులగం చేస్తే చాలదా?" అని అడుగుతారు. చాలదు. కలిపేస్తే అన్నదమ్ముల బీపీల మధ్య పోలిక కూడా పోతుంది. బంధుత్వమే లేని లోకంలో సాదా రిగ్రెషన్ కూడా బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది.

ఈ ఆలోచన నా సొంతం కాదు. 2012లో జరిగిన 18వ జెనెటిక్ అనాలిసిస్ వర్క్‌షాప్ ఇదే చేసింది. శాన్ ఆంటోనియోకు చెందిన మెక్సికన్ అమెరికన్ కుటుంబాల జన్యుక్రమాలు, నిజమైన బీపీ కొలతలతో పాటు 200 సార్లు సిమ్యులేట్ చేసిన బీపీ ఇచ్చారు. ఏ జన్యువుకూ సంబంధం లేని ఒక లక్షణాన్ని కూడా ప్రత్యేకంగా ఇచ్చారు, దొంగ సిగ్నళ్ళు లెక్కపెట్టుకోవడానికి.

ఆరో అడుగు: ఇప్పుడు పవర్

సరి క్రోమోజోమ్ మీద ఒక స్నిప్ ఎంచుకుని నిజమైన ప్రభావం నాటండి. వెయ్యి సార్లు. ఎన్నిసార్లు దొరికిందో లెక్కపెట్టండి. అన్ని పద్ధతులకూ పుస్తకంలోని 10⁻⁵ పెట్టకండి. ఒక్కో పద్ధతికి ఐదో అడుగులో ఏ పీ-విలువ దగ్గర నిజంగా లక్షలో ఒకటి దొంగది వచ్చిందో, ఆ విలువే దాని గీత. ఇలా చేసినప్పుడు సాదా రిగ్రెషన్ చూపిన "ఎక్కువ పవర్" చాలాసార్లు ఆవిరైపోతుంది.

చిన్న శాంపిల్ ఉన్నవాళ్ళు ప్రభావాన్ని 4, 5 మిల్లీమీటర్లు పెట్టుకోవచ్చు. అది నిజ జీవితానికి దూరమే, కానీ పద్ధతుల మధ్య వరస తెలుస్తుంది. అరుదైన మార్పుల పరీక్షలకు రెండు రకాలుగా నాటండి, అన్నీ ఒకే దిక్కు ఒకసారి, సగం అటు సగం ఇటు ఒకసారి.

ఏడో అడుగు: నిజమైన బీపీతో

ఇప్పుడు అసలు కొలతలు పెట్టి నడపండి. క్యూ-క్యూ చిత్రం (వచ్చిన పీ-విలువలను రావలసిన వాటితో పోల్చేది), లాంబ్డా (పరీక్ష అంకెలు మొత్తంగా ఎంత ఉబ్బాయో చెప్పేది) చూడండి. లాంబ్డా 1కి దగ్గరగా ఉండటం మంచిదే. లక్షల మంది శాంపిల్‌లో అది పెరిగినా తప్పు కాకపోవచ్చు, వేల స్నిప్‌లు నిజంగానే కొంచెం కొంచెం పనిచేస్తుంటాయి. 2,000 మందిలో 1.15 వస్తే మాత్రం ఆ సాకు చెల్లదు. పక్కపక్క స్నిప్‌లు కలిసి కదిలే తీరును (ఎల్‌డీ) వాడే ఎల్‌డీ స్కోర్ రిగ్రెషన్ నిజమైన చిన్న ప్రభావాలనూ, లెక్క తప్పు వల్ల వచ్చిన ఉబ్బునూ విడదీస్తుందంటారు. నిజమే కానీ యూరప్ ఎల్‌డీ స్కోర్లు తెచ్చి మన డేటాకు తగిలించకండి.

చిన్న శాంపిల్‌తో కూడా చేయగల పని ఒకటుంది, నాకు చాలా ఇష్టం. తెలిసిన 901 స్థానాల్లో మీ చిప్‌లో 800 దొరికాయనుకోండి. ఒక్కటీ గీత దాటదు, సరే. ప్రభావం దిక్కు మాత్రం చూడండి. అంతా గాలివాటం అయితే 400 చోట్ల పెద్ద అధ్యయనాల దిక్కుతో కలుస్తుంది, అటూ ఇటూ 14 ప్రామాణిక దోషం. 440 చోట్ల కలిస్తే 2.8 దోషాల దూరం, అంటే మీ బీపీ కొలతల్లో నిజమైన జన్యు సమాచారం ఉంది. గోలీల సవరణ చేసి ఒకసారి, చేయకుండా ఒకసారి ఈ లెక్క వేయండి. మొదటి అడుగులో చెప్పిన 15, 10 మీ డేటాలో ఎంత పనిచేశాయో అక్కడే కనిపిస్తుంది.

ఫలితాల పట్టికలో హిట్ల కాలమ్‌కు ఎడమ పక్కన దొంగ సిగ్నళ్ళ కాలమ్ పెట్టండి. నా దగ్గరికి వచ్చే పిల్లల పట్టికల్లో నేను మొదట చూసేది అదే. అది ఖాళీగా ఉంటే కుడివైపు చదవకుండానే తిరిగి ఇచ్చేస్తాను.